పొమోనాలో అంటుకున్న బూటు

లూమిర్ కుచేరా నడుము విరగ్గొట్టుకున్నది రేసు కారులో కాదు. పందొమ్మిదేళ్లపాటు నైట్రో తాగే ఇంజను వెనక కూర్చున్నవాడు, మనం తుమ్మి ముక్కు తుడుచుకునేలోగా పావు మైలు దాటేసినవాడు, రెండుసార్లు మంటల్లోంచి నవ్వుకుంటూ నడిచి వచ్చినవాడు, చివరికి నెబ్రాస్కాలో తన సొంత పొలంలో, తన సొంత మొక్కజొన్న గాదె నిచ్చెన మీంచి జారిపడ్డాడు. పరామర్శకి వచ్చిన ఇరుగుపొరుగు వాళ్లు కొందరు నవ్వు ఆపుకోలేక గుమ్మంలోంచే వెనక్కి మళ్లారు.

ఇక ఆ కారులో కూర్చోకూడదన్నాడు డాక్టరు. "కూర్చోవద్దంటే పడుకుని నడుపుతా" అన్నాడు లూమిర్. అతని భార్య ఆర్లిస్ ఒక చూపు చూసింది. లూమిర్ ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

చలికాలమంతా కారు కొట్టంలో గుడ్డ కప్పుకుని పడుకుంది. క్రిస్మస్ వెళ్లాక ఒక పొద్దున వాళ్లమ్మాయి జోడీన్ వెళ్లి ఆ గుడ్డ లాగేసింది. శనివారాల్లో చుట్టుపక్కల ఊళ్ల రేసుల్లో చిన్న కార్లు నడిపి, మగపిల్లల ముఖాలు మాడ్చిన పిల్ల అది. సీట్లో కూర్చుని చూసుకుని, వంటింట్లోకి వచ్చింది.

"నాన్నా, నీ సీటు నాకు వదులవుతోంది. బిగించుకోనా?"

"నువ్వు నడుపుతావా?"

"మరి కోళ్లని పొదగేద్దామా అందులో?"

లూమిర్ భార్య వైపు చూశాడు. ఆర్లిస్ కొలాచీలకి, మధ్యలో పండు ముద్ద పెట్టి కాల్చే తీపి రొట్టెలకి, పిండి వత్తుతోంది. తల ఎత్తలేదు.

"నన్నెందుకు చూస్తావు? సీట్లో ఎవరైతేనేం, నేను నిలబడే చోటు నాది."

ఎంత తేలిగ్గా అన్నదో ఆ మాట, అంత బరువుగా వచ్చి ఆ ఏడాది ఆమె నెత్తిన పడింది.

ఆర్లిస్ నిలబడే చోటు కారుకి ముందు. డ్రాగ్ రేసులో పరుగుకి ముందొక తంతు ఉంది. వెనక చక్రాలను నీళ్లలో తడిపి, నిలబడ్డ చోటే గిర్రున తిప్పి, పొగలో ఊరూ పేరూ కనపడకుండా చేసి, కారుని మొదలుగీత దాటించి కొంతదూరం ఉరికిస్తారు. కరిగిన రబ్బరు నేల మీద రెండు నల్లటి జాడలు గీస్తుంది. కారు మళ్లీ ఆ జాడల మీదుగానే వెనక్కి రావాలి, లైటు పచ్చగా వెలిగాక ఆ జాడల మీదుగానే దూకాలి. జాడలో ఉన్న చక్రం జలగలా పట్టుకుంటుంది. జాడ తప్పిందా, సబ్బు ముక్క మీద కాలేసినట్టే. సీట్లో ఉన్నవాళ్లకి ఎదుట ఇంజను, నెత్తిన మూతలా దిగే కారు డొప్ప, కళ్లనిండా పొగ. తమ చక్రాలెక్కడున్నాయో తమకే తెలియదు. అందుకని ఒక మనిషి కారుకి ఎదురు నిలబడి, చేతులు ఊపుతూ, ఇటు వేలెడు, అటు బెత్తెడు అని జాడలోకి దించాలి. ఇంటిల్లిపాదీ కలిసి నడిపే రేసు బళ్లలో ఆ పని తరచు ఇల్లాలిది. ఆ చప్పుడులో మాటకి చోటు లేదు. చేతులే మాటలు.

ఆర్లిస్‌వి పెద్ద చేతులు, పాలు పితికి పెరిగినవి. అవి ఊగితే అంత కారూ పెంపుడు దూడలా వెనక్కి వచ్చేది.

ఇంకో అలవాటూ ఉంది ఆమెకి. రేసు రోజు పొద్దున్నే, పలచటి అడుగున్న కాన్వాసు బూట్లు వేసుకుని లేన్ వెంట నడిచేది. ప్రతి నాలుగడుగులకీ మడమ తిప్పి నేలను నులిమి చూసేది. నేల బూటుని వదలనంటే మంచి పట్టు. జారనిస్తే చెడ్డ పట్టు. జోడీన్ మూడేళ్ల పిల్లప్పుడు తల్లి వెనకే నడిచి, రబ్బరులో బూటు ఇరుక్కుపోయి, ఒంటి కాలి మేజోడుతో నిలబడి ఏడ్చింది. "ఏడవకే పిచ్చిదానా, బూటుని పట్టుకున్న నేల కారునీ పట్టుకుంటుంది" అని చెప్పింది ఆర్లిస్. ఆ తర్వాత చాలాకాలం అదొక ఆటైంది ఇద్దరికీ. కాలు నులమడం, "అంటిందా?", "అంటింది!"

ఆ ఏడాది మొదటి రేసు ఫ్లోరిడాలో. టెక్సాస్ డెల్బర్ట్ టీగ్, అంతకు ముందు ఏడాది ఛాంపియను, తన పెద్ద టోపీతో సహా వీళ్ల గుడారం దగ్గరికి వచ్చాడు. లూమిర్‌కి పాత స్నేహితుడు, పాత శత్రువు, రెండూను.

"లూమిర్, అమ్మాయిని తెచ్చావు, బాగుంది. కారులో అద్దం పెట్టించావా, పౌడరు రాసుకోడానికి?"

లూమిర్ నోరు తెరిచేలోగా జోడీన్ అందుకుంది. "పెట్టించాం డెల్బర్ట్ గారూ. వెనకాల మీరెంత దూరంలో పడి వస్తున్నారో చూసుకోవద్దూ?"

పక్క గుడారాల వాళ్లంతా ఘొల్లుమన్నారు. ఆ సాయంత్రం నిజంగానే డెల్బర్ట్ వెనకాల వచ్చాడు. రేసు అయ్యాక టోపీ తీసి, "నోరు తండ్రిది, కాలు ఎవరిదో తెలియదు" అన్నాడు. "తల్లిది" అన్నాడు లూమిర్, దిండు వేసుకున్న తన ట్రక్కు సీట్లోంచి.

అలా మొదలైంది. ఒక రేసులో గెలుపు, ఇంకో దాంట్లో చివరిదాకా పోరు, మళ్లీ గెలుపు. పొరుగు పొలం హోయిట్, క్లచ్ పని చూసేవాడు, పరుగుకీ పరుగుకీ మధ్య నిప్పులా కాలే ఇంజనులో చేతులు పెట్టి అంతా ఊడదీసి మళ్లీ కూర్చేవాడు. చిన్నపిల్లల్ని భుజాలెక్కించుకున్న తండ్రులు తాడు దగ్గర నిలబడి "అదిగో, ఆ అక్కే" అని చూపించేవాళ్లు. వేసవి నడినెత్తికి వచ్చేసరికి పాయింట్ల పట్టికలో అందరికంటే పైన కుచేరా అన్న పేరుంది. లూమిర్ పందొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా ఎక్కని మెట్టది.

సెప్టెంబరు మొదట్లో ఇండియానాలో పెద్ద రేసు వచ్చింది. ఆఖరి పందెంలో జోడీన్‌కి ఎదురు డెల్బర్టే. ఎండ మండిపోతోంది. లేన్ అటూ ఇటూ రబ్బరు ఉండలు కట్టి, పట్టున్న దారి మధ్యలో సన్నగా మిగిలింది. ఆర్లిస్ చేతులు ఊపింది. కారు వెనక్కి వచ్చింది. లైటు వెలిగింది. జోడీన్ కారు దూకీ దూకగానే తడి గచ్చు మీద మేకపిల్లలా కాళ్లు విడిచేసింది. చక్రాలు ఊరికే తిరిగాయి, పొగ లేచింది, డెల్బర్ట్ వెళ్లిపోయాడు.

జోడీన్ లేన్ పక్కనుంచి నడిచి వచ్చింది. హెల్మెట్ చంకలో ఉంది.

"అమ్మా, ఎక్కడ నిలబెట్టావు నన్ను?"

"నీ జాడలోనే."

"కాదు. వచ్చి చూడు."

వెళ్లి చూశారు. కారు గీసిన జాడలు ఒక చోట, అది దూకిన చోటు ఇంకో చోట. సరిగ్గా జానెడు ఎడమకి. ఆర్లిస్ వంగి, చేత్తో ఆ జానెడూ కొలిచి చూసింది.

తిరుగు దారిలో ట్రక్కులో ఇద్దరే ఉన్నప్పుడు లూమిర్ గొంతు సవరించుకున్నాడు.

"అది నీ తప్పు కాదు, నాది. నేను దూకగానే కుడికి ఈడుస్తాను. నా చెయ్యి అంతే. నువ్వు మొదటి ఏడాదే అది పట్టేసి, నన్నెప్పుడూ జానెడు ఎడమకి నిలబెడుతూ వచ్చావు."

"నేనా? ఎప్పుడూ లేదు."

"నీకు తెలియదు. నాకు తెలుసు. చెబితే మానేస్తావేమోనని చెప్పలేదు. అమ్మాయి ముక్కుసూటిగా దూకుతుంది. ఇన్నాళ్లూ దారి వెడల్పుగా ఉండి చెల్లింది. ఇవాళ చెల్లలేదు."

"ఇది ఇప్పుడా చెప్పేది, ముసలోడా!"

ఆర్లిస్ ఒళ్లో ఉన్న తన చేతుల్ని చూసుకుంది. కూతురు సీట్లోకి వచ్చి ఇన్ని నెలలైనా అవి ఇంకా మొగుణ్ణే నిలబెడుతున్నాయి.

ఇంటికి వచ్చాక ఆమె ఆ సంగతి కూతురికి దాచకుండా చెప్పింది. జోడీన్ విన్నది. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"అమ్మా, వచ్చే రేసుకి హోయిట్ నిలబడతాడు."

"సరే" అంది ఆర్లిస్. అని, దొడ్లోకి వెళ్లి, ఉతికిన దుప్పట్లనే మళ్లీ ఉతికింది.

తర్వాతి రెండు రేసుల్లోనూ ఆమె గోడ అవతల, టిక్కెట్టు కొనుక్కుని వచ్చిన జనంలా నిలబడింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఎప్రాను జేబుల్లో దోపుకుంది. కారు వెనక్కి వస్తుంటే ఆ జేబుల్లోనే వేళ్లు కదిలేవి. హోయిట్ మంచివాడు, ఒట్టి మంచివాడు. కాని చేలో పడ్డ గొడ్లను తోలినట్టు తోలేవాడు కారుని. ఒకసారి మొదటి పందెంలోనే ఓడారు. ఇంకోసారి ఆఖరి పందెం గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయారు. ఈలోగా డెల్బర్ట్ పాకి పాకి పక్కకి వచ్చేశాడు. లెక్క చూస్తే, కాలిఫోర్నియాలో పొమోనా రేసు వీళ్లిద్దరిలో ఎవరు గెలిస్తే ఆ ఏడాది కప్పు వాళ్లది.

పొమోనాకి వెళ్లే దారిలో ఒక పెట్రోలు బంకు దగ్గర జోడీన్ తల్లి పక్కకి వచ్చి నిలబడింది. చేతిలో కాఫీ ఉంది, చూపు ఎక్కడో కొండల మీద ఉంది.

"హోయిట్ చేతులు చూస్తుంటే నాకు కోడిపెట్టనైపోయినట్టుంది."

ఆర్లిస్ ట్రక్కు పెట్రోలు మూత బిగించింది.

"నువ్వే నిలబడు. కాని నా జాడలోనే. వేలెడు కూడా ఇటూ అటూ కాదు. మాటివ్వు."

"ఇచ్చాను."

"మళ్లీ ఇండియానా లాంటిది జరిగితే..."

"జరిగితే నేనే గోడ అవతలికి పోతాను. నువ్వు చెప్పక్కర్లేదు. మళ్లీ రాను."

పొమోనాలో ఆర్లిస్ మాట మీద నిలబడింది. పందెం తర్వాత పందెం, కారుని దాని జాడల్లోకి సూదిలోకి దారం ఎక్కించినట్టు దించింది. చేతులు ఎడమకి పోబోతే పళ్లు బిగించి లాక్కుంది. జోడీన్ గెలుస్తూ వచ్చింది. అటు డెల్బర్ట్ కూడా గెలుస్తూ వచ్చాడు. ఆఖరికి మిగిలింది వాళ్లిద్దరే.

నవంబరు సూర్యుడు స్టాండ్ల వెనక్కి దిగాడు. నీడ లేన్ మీద పాకింది. చలిగాలి వీచింది. అప్పుడు పిలిచారు ఆఖరి పందెం.

"ఏమ్మా, పౌడరు రాసుకున్నావా?" అని పక్క లేన్‌లోంచి అరిచాడు డెల్బర్ట్, హెల్మెట్ పెట్టుకోబోతూ.

"మీకోసం కొంచెం దాచాను. ఏడిచాక ముఖానికి పనికొస్తుంది!"

డొప్పలు మూశారు. ఇంజన్లు రెండూ అరిచాయి. ఆ అరుపు చెవులకి కాదు, పక్కటెముకలకి వినపడుతుంది. జోడీన్ చక్రాలు కాల్చింది. కారు పొగలోంచి ఉరికి మొదలుగీత దాటింది. ఎప్పటిలాగే ఆర్లిస్ దాని వెనక పరిగెత్తింది, ముందుకి చేరి ఎదురు నిలబడడానికి.

గీత దాటి కొంచెం ముందుకి వెళ్లేసరికి ఆమె కాలు జారింది.

జారకూడదు అక్కడ. పొద్దున నులిమినప్పుడు బూటు ఊడినంత పని అయిన చోటది. కిందికి చూసింది. కుడి చక్రం జాడలో, చలికి బిగుసుకున్న పాత రబ్బరుని ఇప్పుడు కాలిన చక్రమే పెచ్చులా లేపుకుని పోయింది. పెనం మీద అట్టు ఊడినట్టు ఊడి, బోడి కాంక్రీటు తెల్లగా కనిపిస్తోంది. జాడ ఉంది. జాడలో పట్టు లేదు.

ఆర్లిస్ పరిగెత్తుతూనే ఆలోచించింది. ఆలోచించడానికి ఉన్న వ్యవధి ఆ పరుగే. జాడలో నిలబెడితే మాట నిలుస్తుంది, కారు నిలవదు. బోడి చోటు తప్పించాలంటే జానెడు ఎడమకి నిలబెట్టాలి. సరిగ్గా ఇండియానాలో నిలబెట్టినట్టే. తను పొరపడితే, ఏడాది పోతుంది, కూతురి నమ్మకం పోతుంది, ఈ చోటూ పోతుంది.

ఎదురు నిలబడి చేతులు ఎత్తింది. కారు వెనక్కి కదిలింది. బోడి చోటు దగ్గరికి రాగానే కుడి చెయ్యి పక్కకి వాల్చింది. నీ ఎడమకి, జానెడు.

కారు వినలేదు. జోడీన్ తన జాడలోనే తిన్నగా వెనక్కి పోయి, గీత వెనకాల ఆగింది. అద్దం వెనక హెల్మెట్ అటూ ఇటూ ఊగింది. వద్దు.

ఇప్పుడు ఆ బోడి చోటు తల్లికీ కూతురికీ మధ్య ఉంది. పక్క లేన్‌లో డెల్బర్ట్ కారు సిద్ధంగా ఉంది. గీత దగ్గరి అధికారి వేలు గిరగిరా తిప్పుతున్నాడు, కానివ్వండి, కానివ్వండి అని. ఆ ఇంజన్లకి చల్లబరిచే నీళ్లుండవు. నిలబడ్డకొద్దీ కాలిపోతాయి. డెల్బర్ట్ గీత మీదికి పోయి కూర్చుంటే అధికారి వీళ్లకి క్షణాలు లెక్కపెట్టక తప్పదు. కాని అతను పోలేదు. ఎదుటివాళ్లు సర్దుకునేదాకా గీత మీదికి పోకపోవడం అతనికి తండ్రి నేర్పిన మర్యాద. తన ఇంజను ఉడుకుతున్నా ఆగాడు.

ఆర్లిస్ చేతులు దించేసింది. బోడి చోటు మీదికి నడిచి, మడమ పెట్టి నులిమింది. కాలు సర్రున జారింది. రెండోసారి నులిమింది. మళ్లీ జారింది. కూతురి కళ్లలోకి చూస్తూ, తర్వాత జానెడు పక్కకి అడుగేసి, అక్కడ నులిమింది.

బూటు అక్కడే ఉండిపోయింది. కాలు బయటికి వచ్చింది, మేజోడుతో.

హోయిట్ పరిగెత్తుకొచ్చాడు, లేన్ మీద బూటుంటే పందెం ఆపేస్తారని. ఒక చేత్తో లాగాడు. రాలేదు. తిట్టుకుంటూ రెండు చేతులూ వేసి, మోకాళ్లు వంచి, ముల్లంగి దుంప పీకినట్టు పీకి, దాంతోపాటు వెనక్కి రెండడుగులు తూలి, బూటుని గోడ మీంచి అవతలికి విసిరేశాడు. జనం ఎందుకో తెలియకుండానే నవ్వారు.

అద్దం వెనక హెల్మెట్ కదలకుండా ఉంది. ఆర్లిస్ ఒంటి బూటుతో నిలబడి పెదవులు మాత్రం కదిపింది.

*అంటిందా?*

హెల్మెట్ ఒక్కసారి కిందికి ఊగింది.

కారు కొంచెం వెనక్కి పోయింది. ఆర్లిస్ చేతులు మళ్లీ లేచాయి. రా. ఎడమకి. ఇంకో వేలెడు. చాలు. తిన్నగా. ఆ చేతులిప్పుడు మొగుణ్ణి నిలబెట్టడం లేదు, అలవాటుని నిలబెట్టడం లేదు. ఆ పిల్లని, ఆ నేల మీద, ఆ చలిలో, అక్కడ నిలబెడుతున్నాయి. చక్రాలు గీత ముట్టుకున్నాయి. ఆమె పక్కకి తప్పుకుంది.

పచ్చ లైటు వెలిగింది. రెండు కార్లూ ఒకేసారి దూకాయి. జోడీన్ కారు జారలేదు, తూలలేదు, నేలని గోళ్లతో పట్టుకుని ఎవరో వెనక నుంచి తన్నినట్టు పోయింది. వేడిగాలి ఆర్లిస్ ఎప్రానుని ముఖం మీదికి ఎగరేసింది. ఆమె దాన్ని లాక్కుని, లేన్ చివర చూసింది. గెలుపు దీపం జోడీన్ వైపు వెలుగుతోంది.

"ఎక్కు, ఎక్కు!" అని లూమిర్ ట్రక్కు తెచ్చి అరుస్తున్నాడు. నడుం నొప్పి ఎటు పోయిందో, సగం బయటికి వేలాడుతున్నాడు. "ఎడమకి నిలబెట్టావు! నేను చూశాను! మళ్లీ ఎడమకే నిలబెట్టావు!"

"నోరుమూసుకుని నడుపు."

అవతలి చివర జోడీన్ కారులోంచి బయటికి వచ్చి, పొగ పట్టిన ముఖంతో నిలబడింది. డెల్బర్ట్ అప్పటికే అక్కడున్నాడు, టోపీ తీసి పట్టుకుని. ఆర్లిస్ దిగగానే ముందు ఆమె దగ్గరికే వచ్చాడు.

"అమ్మా, ఆ బూటు నాకిస్తారా? మా ఇంటి గోడకి కొట్టుకుంటాను. ఈ ఏడాది నన్ను ఓడించింది ఏమిటని మా ఆవిడ అడిగితే చూపించాలి."

"అది పనికొచ్చే బూటయ్యా, ఇవ్వను. ఆగినందుకు మాత్రం కొలాచీలు పంపుతాను."

జోడీన్ తల్లి ఎదురుగా వచ్చి నిలబడింది. కళ్లు తడిగా ఉన్నాయి. గొంతు మాత్రం ఎప్పటిలా గరుగ్గానే ఉంది.

"మాట తప్పావు."

"తప్పాను."

"వేలెడు కూడా కాదన్నాను. జానెడు జరిపావు."

"జరిపాను. మళ్లీ అలాంటి నేలుంటే మళ్లీ జరుపుతాను. ఇష్టమైతే నిలబెట్టు, లేకపోతే హోయిట్ ఉన్నాడు."

"నాకొద్దు తల్లీ" అన్నాడు హోయిట్ వెనక నుంచి. "ఆ బూటు పీకినప్పుడే నా నడుం పట్టేసింది. ఇక ఈ ఇంట్లో రెండు నడుములు."

జోడీన్ నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది. తల్లి పెద్ద చేతులు రెండూ తన మసి చేతుల్లోకి తీసుకుని, ఎవరూ అడగకుండానే, పత్రికల వాళ్ల వైపు తిప్పి పైకెత్తింది.

ఆ వారం రేసు పత్రిక మొదటి పేజీలో ఆ ఫొటోనే వచ్చింది. కప్పు ఒక పక్కకి సగం తెగిపోయింది. మధ్యలో నాలుగు చేతులున్నాయి. కింద, ఛాంపియను తల్లి ఒక కాలికి బూటుతో, ఒక కాలికి మేజోడుతో, తన చోట, కారుకి ముందు నిలబడి ఉంది. ఊరి కిరాణా కొట్టువాడు ఆ పేజీని అద్దానికి అంటించి, వచ్చినవాళ్లందరికీ వేలు పెట్టి చూపించేవాడు. కారుని కాదు, కప్పుని కాదు, ఆ మేజోడుని. దాని బొటనవేలి దగ్గర చిరుగుంది. ఆర్లిస్‌కి ఒళ్లు మండింది అక్కడ మాత్రమే.

"దేశమంతా చూసింది" అంది.

"చూడనీ అమ్మా" అంది జోడీన్. "వచ్చే ఏడాదికి కుట్టుకో. బూట్లు మాత్రం రెండు జతలు తెచ్చుకో."